చేసుకుందామా? కొనేద్దామా?

ఇంట్లోకి ఏ వస్తువు కావాలన్నా మనం ముందు వేసే లెక్క ఒకటే. కొంటే ఎంత, చేసుకుంటే ఎంత? ఆవకాయ దగ్గర్నుంచి అల్మారా దాకా అంతే కదండీ! పోయిన వేసవిలో మా ఇంట్లో ఈ లెక్క ఓ వీడియో గేము పెట్టె దగ్గర వచ్చింది.

మా వారు హైస్కూల్లో ఉండగా విజయవాడలో ఓ షాపుకెళ్ళి, నిలువెత్తు చెక్కపెట్టె ముందు నిలబడి ప్యాక్-మ్యాన్ ఆడేవారట. 1980లో జపాన్‌లో నామ్‌కో కంపెనీ తయారుచేసిన ఆట అది. సంగతి తెలిసి మా మామగారు వీపు విమానం మోత మోగించారట. ఆ ముచ్చట అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళకు, "మనింట్లో అలాంటిది ఒకటి పెట్టుకుందాం" అన్నారు.

అప్పటికి మావాడు ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పి, సప్లిమెంటరీ రాసి ఇంట్లో కూర్చున్నాడు. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "మీ నాన్నని భోజనానికి రమ్మను" అంటే కూడా పలికేవాడు కాదు. అలాంటివాడు, "కొనడం దేనికమ్మా, నేను చేస్తా" అన్నాడు. ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

ఖర్చుకు ఉన్నది నా చీటీ డబ్బే. నా మనసు కొనడం వైపే ఉంది. రంపం పొట్టు ఉండదు, పాడైతే గ్యారంటీ ఉంటుంది. అయినా పద్దుల పుస్తకం తీసి రెండూ రాశాను. చెక్క ఖర్చే పెద్దదనుకున్నానండీ. కాదు! రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు, జాయ్‌స్టిక్కులు, బటన్లు, వైర్లు, రంగు, వడ్రంగి కూలి... అన్నీ కూడితే కొన్నదానికీ చేసినదానికీ పెద్ద తేడా రాలేదు. పాత కంప్యూటర్ మానిటర్ ఇంట్లో ఉండబట్టి కాస్త కలిసొచ్చింది.

మరి దేన్ని బట్టి తేల్చుకోవాలి? రెండు నెలల్లో మొదటిసారి వాడు "నేను చేస్తా" అన్నాడు. దానికి ఏ గడిలో ఎంత వేయను? చీటీ డబ్బు వాడి చేతిలో పెట్టాను.

నిలువెత్తుది వద్దని బల్లమీద పట్టేది చేయించాను. ఎం.డి.ఎఫ్. తడి తగిలితే ఉబ్బుతుందని ప్లైవుడ్ తెచ్చాం. 18 మిల్లీమీటర్ల మందం. తీరా బిగిస్తే జాయ్‌స్టిక్ కాడ మునివేళ్ళకు కూడా అందలేదు! చెక్కను కింది నుంచి తొలవాల్సి వచ్చింది. వాడు ఉలితో తంటాలు పడుతుంటే మా వారు పేపరు పక్కన పెట్టి, "ఉలి అలా కాదురా, ఇలా పట్టు" అంటూ కింద చతికిలబడ్డారు. నేను వంటింట్లోంచి తొంగి చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

మీరూ చేయించుకునేట్టయితే రెండు మాటలు. బటన్లు 24, 28, 30 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తాయి. అవి చేతికొచ్చాకే చెక్కకు రంధ్రాలు వేయించండి. మందం చెక్కకు నట్టు బిగించే రకమే తీసుకోండి. వెనక పలకకు గాలి రంధ్రాలు తప్పనిసరి. పాత డబ్బా టీవీని మాత్రం విప్పనివ్వకండి. ప్లగ్గు తీసేసినా లోపల ప్రాణం తీసే కరెంటు నిలవ ఉంటుంది.

ఆట మాత్రమే కావాలంటే కొనేయండి, హాయి. చేసే ముచ్చట ఉంటేనే రంపం పట్టండి. డబ్బు మిగులుతుందని మాత్రం పట్టకండి.

మావాడు అత్తెసరు మార్కులతో ఫిజిక్స్ గట్టెక్కాడు. పెట్టె ఓ పక్క కాస్త వంకర. చుట్టాలొస్తే ఆ పక్కను గోడవైపు తిప్పుతాను. మా వారు మళ్ళీ ఇటు తిప్పి, "మావాడు చేశాడండీ" అని చూపిస్తారు.

చెప్పండి, నా చీటీ డబ్బు దండగయిందంటారా?