ఒక్కరికి లేదు

సియోల్‌లో ఆఫీసు పని ముగిసిన చివరి రాత్రి, బొగ్గుల మీద పంది మాంసం కాల్చే ఒక హోటల్ గుమ్మంలో నిలబడి ఒక వేలు చూపించాను. లోపలున్న పెద్దావిడ రెండు వేళ్ళు చూపించింది. రెండో టేబులేమో అనుకుని నడిచాను. చెయ్యి అడ్డం పెట్టింది. కనీసం ఇద్దరికి సరిపడా ఆర్డర్ ఇవ్వాలట, ఫోన్‌లో తర్జుమా చేసుకుంటే తెలిసింది.

సరే, రెండింటికీ డబ్బులిస్తానన్నాను. వంటగది తలుపు పక్కన కూర్చోబెట్టింది. మిగతా టేబుళ్ళ దగ్గర మాంసం తనే తిప్పి, కత్తెరతో కత్తిరించి పెడుతోంది. నా ముందు మాత్రం పట్టకారు, కత్తెర పడేసి వెళ్ళిపోయింది. సగం మాడ్చుకున్నాను. నా రంగు చూసేనా అన్న అనుమానం ఒకటి, మాంసంతో పాటే నములుతూ కూర్చున్నాను.

ఒంటరిగా తినడానికి కొరియన్లకి ‘హోన్‌బాప్’ అని ఏకంగా ఒక మాటే ఉంది. ‘హోన్‌జా’ అంటే ఒంటరిగా, ‘బాప్’ అంటే అన్నం. ఒక్కరొచ్చినా నలుగురొచ్చినా అవే బొగ్గులు, అవే కిమ్చీ గిన్నెలు, అందుకే గిట్టదని తర్వాత అక్కడి కొలీగ్ చెప్పాడు. ఆ లెక్క ఒప్పుకుంటాను. మొహం చూడకపోవడం ఏ లెక్కలోకి వస్తుందో మరి.

హైదరాబాద్ ఇరానీ హోటల్లో ఒక్కణ్ణే కూర్చుంటే, అడక్కుండానే ఎవరో ఒకరు వచ్చి ఎదుటి కుర్చీలో చాయ్ తాగేవాళ్ళు. అప్పట్లో చిరాకేసేది.

రెండో ప్లేటు ముట్టుకోలేదు. బిల్లు కడుతూ ‘చాలా బాగుంది’ అని కూడా చెప్పొచ్చాను, ఎందుకో.