మనుషులుండని మంజీర గడ్డలు

మా ఎల్లారెడ్డికి చుట్టాలొస్తే పోచారం, నిజాంసాగర్ చూపించి పంపిస్తాం. అదే మంజీర నదికి ఎగువన, సంగారెడ్డి దగ్గర, మనుషులెవరూ కాపురం ఉండని చిన్నచిన్న దీవులున్న సంగతి మాలో చాలామందికి తెలియదు.

సింగూరు ప్రాజెక్టుకూ మంజీర బ్యారేజీకీ నడుమ 36 కిలోమీటర్ల నదిలో తొమ్మిది దీవులున్నాయి. పుట్టిగడ్డ, బాపనగడ్డ, కర్ణంగడ్డ... ఇలా ఉంటాయి వాటి పేర్లు. చుట్టూ జమ్ము, పైన తుమ్మచెట్లు. మొసళ్ల కోసం 1978లో దీన్ని అభయారణ్యం చేశారు.

తల్లి మొసలి సంగతి వింటే మీకూ ముచ్చటేస్తుంది. ఎండలు ముదిరేలోపు ఒడ్డున మెత్తటి చోట గుంట తవ్వి పాతిక, ముప్పై గుడ్లు పెడుతుంది. కోడిలా పొదగదు, నేల వేడే పొదుగుతుంది. ఆ వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుందట! రెండు నెలలు తల్లి అక్కడక్కడే కాపలా కాస్తుంది. లోపల పిల్లలు కూత పెట్టగానే మట్టి తోడి, నోట పట్టుకుని నీళ్లలో వదులుతుంది. అంత పదునైన పళ్ల మధ్య పిల్లకు ఒక్క గాటు పడదు.

చెట్లమీద నీటికాకులు, రెక్కల మీద గులాబీ రంగుండే పెద్ద కొంగలు గూళ్లు కడతాయి. చలికాలంలో తలమీద నల్లచారలుండే బాతులు హిమాలయాలు దాటి వస్తాయి.

ఇవన్నీ నిశ్చింతగా ఉండేది చుట్టూ నీళ్లున్నందుకే. నీళ్లు తగ్గితే గడ్డ ఒడ్డుకు కలిసిపోతుంది. కుక్కలూ, పశువులూ, మనుషులూ నడిచే లోపలికి పోవచ్చు. ఇక గూడుకీ గుడ్డుకీ దిక్కెవరు? 2015-16లో వానల్లేక సింగూరు అడుగంటినప్పుడు మొసళ్లకే నీళ్లు కరువయ్యాయి. హైదరాబాదులో ఎన్నో ఇళ్ల కుళాయిల్లోకి వచ్చేదీ ఈ మంజీర నీళ్లే. అంటే మన బిందె, మొసలి గుంట ఒకే నీటిని నమ్ముకున్నాయి. కుళాయి కట్టేసేటప్పుడు ఈ మాట గుర్తుంటే చాలు.

చూడాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, పొద్దున్నే వెళ్లండి. సంగారెడ్డి నుంచి కల్పగూర్ దగ్గరే. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, మంచినీళ్లు కట్టుకెళ్లండి. పిల్లల్ని నీటి అంచుకు పోనివ్వకండి. గడ్డల్ని ఒడ్డు నుంచే చూడండి. తిన్న ప్లాస్టిక్ కవర్లు మాత్రం మళ్లీ మీ సంచిలోనే ఇంటికి తెచ్చుకోండి.