కళ్లంలో డెత్ మెటల్

గుంటూరులో బస్సెక్కి, చిలకలూరిపేట దాటి ప్రకాశం వైపు వెళ్తుంటే మార్చి నెలంతా రోడ్డు పక్కన ఎర్రగా పరిచి ఉంటుంది. అవి కళ్లాలు. ఎండుతున్న మిర్చి. ఘాటు ముందు ముక్కుకి తగులుతుంది, తర్వాతే కంటికి కనిపిస్తుంది. నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు అయిపోయి ఎండు కట్టె మాత్రం నిలబడి ఉంటుంది.

ఆ దారిలో నా చెవుల్లో మోగేది 'స్టేట్స్ ఆఫ్ కేయాస్'. 2021లో వచ్చిన డెత్ మెటల్ ఆల్బమ్. బ్యాండ్ పేరు గాడ్‌లెస్. ఎక్కడో నార్వే వాళ్లు కాదు, మన హైదరాబాదే. 2015లో మొదలుపెట్టి, ఈ ఆల్బమ్‌కి ముందు 2016లో ఒకటి, 2018లో ఒకటి చిన్న రికార్డులు తెచ్చారు.

మొదటిసారి వింటే గోలే. ఒప్పుకుంటా. రెండోసారి డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని వినండి. బ్లాస్ట్ బీట్ అంటారు దాన్ని. కాలి కింద కిక్, చేతి కింద స్నేర్ ఒకదాని వెంట ఒకటి సందు లేకుండా పడతాయి. ఆ వేగానికి సరిగ్గా రెండు గిటార్లు తీగని పైకీ కిందకీ గీరుతుంటాయి. ఉన్నట్టుండి వేగం తగ్గుతుంది, మన తల దానంతటదే ఊగుతుంది. ఆ అరుపు కూడా గొంతు చించుకోవడం కాదు. ఊపిరిని అదుపులో పెట్టి, స్వరతంతువుల పైనున్న మడతల్ని ఆడించడం. సాధన లేకుండా చేస్తే గొంతు పోతుంది.

మొన్న మార్చిలో మా కౌలు మిర్చికి రాత్రి కాపలా. తాతకి తోడుగా నేనూ వెళ్లా. మంచం మీద పడుకుని వింటుంటే ఒక ఇయర్‌ఫోన్ లాక్కున్నాడు.

"ఏందిరా ఇది? పత్తి మిల్లులో కూర్చోబెట్టినట్టుంది!"

కానీ తీయలేదు. కాసేపటికి ఆయన వేళ్లు మంచం పట్టె మీద ఆడుతున్నాయి.

"అరిచేవాడి సంగతి నాకు తెలవదు గానీ, వాయించేవాడు పనోడ్రా. కాళ్లతో కూడా కొడతన్నాడా?"

"రెండు కాళ్లతో, తాతా."

"మాకు రెండు పుల్లలేగా."

కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. మా తాత డప్పు వాయించేవాడు. "జోరుగా కొట్టేటప్పుడు తప్పు కలిసిపోద్దిరా. మెల్లగా కొట్టేటప్పుడే దొరికిపోతాం" అన్నాడు. ఆల్బమ్‌లో వేగం తగ్గే చోట్లు మళ్లీ పెట్టించుకుని విన్నాడు.

ఇంజనీరింగ్ హాస్టల్‌లో నాలుగేళ్లు నేను అమెరికా డ్రమ్మర్ల పేర్లు ఏకరువు పెట్టా. మా తాత డప్పు సంగతి ఒక్కడికీ చెప్పలా. చెబితే తర్వాతి ప్రశ్న ఏంటో తెలుసు: "మీరేవిట్లు?"

తెల్లారాక ఇంటికెళ్లి అటక మీంచి డప్పు దింపాం. తోలు వదులైపోయింది. తాత నాలుగు పత్తికట్టెలు విరిచి వాకిట్లో మంట వేశాడు. డప్పుని తిప్పుతూ కాచి, వేలితో ఒకసారి కొట్టి చూసి, ఇంకాసేపు కాచాడు. తర్వాత వాయించాడు. రెండు నిమిషాలే, చేతులు నొప్పెట్టాయి.

ఫోన్‌లో రికార్డ్ చేశా. హాస్టల్ గ్రూప్‌లో పెట్టా. కింద రెండే మాటలు రాశా: మా తాత.