పచ్చిక కింద పాత పైపులు

వేసవిలో పార్కులో గడ్డంతా ఎండిపోయినా ఒక్క చార మాత్రం నిగనిగలాడుతుంటే అది మాలి చేతి చలువ అనుకుంటాం. చాలాసార్లు అక్కడ కింద డ్రైనేజీ పైపు కారుతూ ఉంటుంది. మా పేట పార్కులోనూ అంతే. తొలకరి వానలకు సరిగ్గా ఆ చార మీదే నేల కుంగింది.

1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చాక హైదరాబాదుకు పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను ఆపే జలాశయాలతో పాటు భూగర్భ డ్రైనేజీకీ ప్రణాళిక ఇచ్చారు. ఆ జలాశయాల్లో ఒకటైన గండిపేట చెరువును ఊరంతా తలుచుకుంటుంది. మురుగు పైపు మాత్రం పొంగిన రోజునే గుర్తొస్తుంది.

పాత స్టోన్‌వేర్ పైపులకు అతుకులే బలహీనం. రావి వేరు ఒకటి వెంట్రుకంత సన్నగా తడిని వెతుక్కుంటూ అతుకులోంచి దూరుతుంది. లోపల దానికి నీళ్లూ ఎరువూ పుష్కలం. కొన్నేళ్లకు జడలు కట్టి గుడ్డపీలికల్నీ వంటింటి జిడ్డునీ పట్టేస్తుంది. మా పార్కు లైన్‌లోకి కెమెరా పంపినప్పుడు తెర మీద ఆ జడలే కనిపించాయి. వాటి మధ్య చారెడు సందులోంచి నల్లటి నీరు పారుతోంది.

సిమెంటు పైపుల తీరు ఇంకా వింత. మురుగులోంచి లేచే కుళ్లిన గుడ్ల వాసన వేసే వాయువు పైపు పైభాగాన ఉన్న తేమలో చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి. అందుకే నిత్యం మురుగు పారే అడుగు నిలిచి ఉండగానే, మురుగు తగలని నడినెత్తి ముందు కరిగిపోతుంది. అక్కడ పగులు పడితే మట్టి రాలి మురుగులో కొట్టుకుపోతుంది. పైన పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు, కింద నేల డొల్ల అవుతుంటుంది.

అప్పుడందరూ చెప్పే మందు ఒకటే: చెట్లు కొట్టేసి తవ్వేయడం. చెట్టును దోషిని చేయడం నాకు సమ్మతం కాదు. అతుకు వదలని పైపులోకి వేరు దూరడం అరుదు. పైగా 1971లోనే లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు పాత ఇటుక మురుగు కాలువకు తవ్వకుండా లోపలినుంచే కొత్త గోడ వేశాడు. రెసిన్‌లో నానబెట్టిన మెత్తటి గొట్టాన్ని చొక్కా చేతిని తిరగేసినట్టు పైపులోకి తిరగేస్తూ పంపి, వేడినీళ్లతో గట్టిపరుస్తారు. పాత పైపు లోపలే అతుకుల్లేని కొత్త పైపు తయారవుతుంది. ఇళ్ల కనెక్షన్లు కలిసేచోట చిన్న యంత్రంతో రంధ్రాలు తెరుస్తారు. పూర్తిగా కూలిన చోట తవ్వక తప్పదు. కూలకముందే మేల్కొంటే వందేళ్ల చెట్టు బతుకుతుంది.

చెట్టు కన్నా ముందు బతకాల్సింది మనిషి. మనుషులను రక్షణ లేకుండా మురుగులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. 2023లో సుప్రీంకోర్టు మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. చట్టం వచ్చి పదేళ్లయ్యాక కూడా ఆ మాట చెప్పవలసి రావడమే నాకు కడుపుకోత. వాయువు నిండిన మ్యాన్‌హోల్‌లో నాలుగు ఊపిరులు చాలు, మనిషి కుప్పకూలడానికి.

మీ పార్కులో మూత తీసి ఎవరినైనా లోపలికి దింపుతుంటే దయచేసి చూస్తూ ఊరుకోకండి. అడ్డుపడండి. మనిషి దిగకుండానే నీటి ధాటితో పైపును శుభ్రం చేసే జెట్టింగ్ మిషన్ వచ్చేదాకా ఆ పని మొదలు కానివ్వకండి.