గాలి మాట

పెనుగాలి వీచినచో దేవరాపల్లి రైతు చెరకును గూర్చి చింతించును. పూడిమడక జాలరి ప్రాణమును గూర్చి చింతింపవలెను. రాత్రి నేల త్వరగా చల్లబడుటచే గాలి కడలివైపు వీచును. తెరచాపల కాలమున జాలరి వేకువనే దాని తోడున సాగెడివాడు. పగలు నేల వేడెక్కగా గాలి మరలి అతనిని ఒడ్డు చేర్చెడిది.

తుపాను ఈ నియమమునకు లోబడదు. దూరమున పుట్టినప్పుడు అది ఒడ్డుననున్నవాని కంటికి కానరాదు. ఆకసము నిర్మలముగ నుండగనే "వేటకు పోవలదు" అను హెచ్చరిక వచ్చును. పోకున్న ఆ పూట పొయ్యి వెలుగదు. అయినను ఆ మాట వినవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరము దాటినప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున వీచెను. ముందుగా వార్త తెలియుటచే లక్షకు పైగా జనులు సురక్షిత స్థలములకు చేరిరి. పస్తు ఒకనాటితో తీరును. పోయిన ప్రాణము మరల రాదు.