రిసెప్షన్ జాకెట్టులో పదిహేను పుల్లలు



పోయిన ఆదివారం మీటింగులో నా బొటనవేలికి ఉన్న కట్టు చూసి ముగ్గురు నలుగురు అడిగారు, సూది దిగిందా అని. సూది కాదు, ఉక్కు పట్టీ. అక్కడ రథోత్సవం చందాల లెక్క నడుస్తోంది, మధ్యలో నా వేలి కథ ఎందుకని ఊరుకున్నాను. మన గ్రూపులో కుట్టుపని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు కనుక ఇప్పుడు వివరంగా రాస్తున్నా. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

రెండు నెలల కింద మన పూర్వభాగంలోనే ఉండే ఒక వదిన కూతురి రిసెప్షన్‌కు కార్సెట్ జాకెట్టు కుట్టమని వచ్చింది. భుజాల మీద ఏమీ లేకుండా, ఒంటికి పట్టినట్టు ఉండి, వెనక తాడుతో లాగి కట్టుకునే రకం. పిల్ల కొంచెం బొద్దుగా ఉంటుంది. తల్లి ఫోన్‌లో ఫోటోలు చూపిస్తున్నంతసేపూ గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడింది. కొలతలు తీసుకుంటుంటే మెల్లగా, "అత్తా, నాకు ఏదీ సరిగ్గ కూర్చోదు" అంది. నేను గొప్పగా, "నేను కుట్టింది కూర్చుంటది పో" అన్నాను. ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కుతున్నా. స్కూలు యూనిఫారాలు వేలల్లో కుట్టిన చెయ్యి. ఆ ధీమా.

తెలియనివాళ్ళకు ఒక మాట. మామూలు జాకెట్టు భుజాల మీద వేలాడుతుంది. కార్సెట్ నడుము మీద నిలబడుతుంది. బట్ట ఒక్కటే అయితే తాడు లాగగానే నడుము దగ్గరికి జారి ముడతలు పడిపోతుంది. అలా జారకుండా బట్టను పైకీ కిందికీ సాగదీసి పట్టుకునేవే లోపలి పుల్లలు. ఇంగ్లీషువాళ్ళు బోన్లు అంటారు. బోను అంటే మా మామకు ఎలుకల బోనే గుర్తొచ్చింది, "పెండ్లిపిల్లను దాంట్ల పెడ్తరా" అన్నాడు.

నేను మొదట చేసిన తప్పు సులువు దారి చూసుకోవడం. బజారులో మీటరు లెక్కన దొరికే పాలిస్టరు పట్టీ తెచ్చాను. సన్నటి ప్లాస్టిక్ పుల్లలను వరుసగా పేర్చి నేసినట్టు ఉంటుంది. కత్తెరతో తెగుతుంది, దాని మీదుగానే మిషను కుట్టు పడుతుంది. సన్నటి పిల్లకు, పైపైన నిలబడాల్సిన గౌనుకు అది చాలు, నేను కాదనను. కానీ తాడు గట్టిగా లాగే చోట, అందులోనూ నిండైన ఒంటికి, అది పనికిరాదు. ఒంటి వేడికి మెత్తబడి, ఎటు వంగితే అటే ఉండిపోతుంది.

ట్రయల్ నాటికి రిసెప్షన్ ఇంకా పన్నెండు రోజులు. వేసుకుని కూర్చోమన్నాను, టీ తాగమన్నాను. అరగంట గడిచేసరికి నడుము దగ్గర నాలుగు పుల్లలు మడతపడ్డాయి. విప్పి చూస్తే చంక కింద ఎర్రటి గీత, కొసన రక్తపు చుక్క. ఆ పట్టీని కోసిన తర్వాత కొసలను దీపం మంటకు చూపించి కరిగించాలి, లేకపోతే ఒక్కో పోగూ సూదిలా బయటికొస్తుంది. ఒక్క కొస మరిచాను. అదే అస్తరును పొడుచుకుని వచ్చింది. పిల్ల అరగంటసేపూ కిమ్మనలేదు. ఎట్లుందమ్మా అంటే "మంచిగుందత్తా" అంటూనే ఉంది. తల్లి, "పోనీలే వదినా, దుపట్టా కప్పితే కనబడదు" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి జాకెట్టు విప్పుతూ కూర్చుంటే మామ వచ్చి సంగతి అడిగాడు. మా మామ గురించి మీలో పాతవాళ్ళకు తెలుసు. చేతిమగ్గం మీద మొదలుపెట్టి, మరమగ్గాల మీద చద్దర్లు నేసిన మనిషి. ఉన్న రెండు మగ్గాలూ మూడేళ్ళ కింద తుక్కు కింద తూచి అమ్మేశాం. అప్పటి నుంచి ఆయన ఇంట్లో ఉన్నా లేనట్టే. అరుగు మీద కూర్చుంటాడు, పిలిస్తే వచ్చి తింటాడు. ఆ రాత్రి మాత్రం మెట్ల కింద వెతికి నూలు బేళ్ళకు కట్టి వచ్చే ఇనుప పట్టీ ఒకటి తెచ్చాడు. "ఇది సూడు, అగ్గువ" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. సగానికి వంచి వదిలాం. వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఆయనే తల అడ్డంగా ఊపి, "ఇది రేకు బిడ్డా. నీకు స్ప్రింగు ఉక్కు గావాలె. వంచి ఇడిస్తే దానంతట అదే లేవాలె" అన్నాడు.

ఉక్కు కొనేవాళ్ళు ఎవరైనా ఆ ఒక్క పరీక్ష చేస్తే చాలు. నేనూ తర్వాత అలాగే చేశాను. ఆన్‌లైన్‌లో స్టీలు అని అమ్మిన ఒక కట్ట ఆ పరీక్షలో పోయింది, తిప్పి పంపాను. చివరికి ముంబైలో ఉండే మా ఆడపడుచు కొడుకు మంచివి సంపాదించి పంపాడు.

ఇవి రెండు రకాలు. ఒకటి బల్లపరుపు పట్టీ, తుప్పు పట్టకుండా తెల్ల పూత ఉంటుంది. అది ముందుకీ వెనక్కీ వంగుతుంది తప్ప పక్కలకు వంగదు. రెండోది తీగను చుట్టచుట్టి, అణిచి చేసిన జాలీ పట్టీ. స్పైరల్ అంటారు. అది నాలుగు పక్కలా వంగుతుంది. ఛాతీ మీదుగా, తుంటి మీదుగా తిరిగే కుట్లకు స్పైరలే వేయాలి. వంపు ఉన్న చోట బల్లపరుపు పట్టీ వేస్తే అది వంపును ఒప్పుకోదు, ఒంటిని పొడుస్తుంది. తాడు రంధ్రాల పక్కన మాత్రం బల్లపరుపుదే ఉండాలి, లేకపోతే తాడు లాగినప్పుడు వీపు మీద బట్ట కుచ్చిళ్ళు పడుతుంది. నా జాకెట్టుకు పన్నెండు ముక్కలు. వెనక తెరిచి ఉంటుంది కనుక కుట్లు పదకొండు. నడిమధ్య ముందు కుట్టుకు ఒక బల్లపరుపుది, మిగతా పది కుట్లకు స్పైరల్, వెనక రంధ్రాలకు అటొకటి ఇటొకటి చొప్పున రెండు వైపులా నాలుగు బల్లపరుపువి. మొత్తం పదిహేను. బల్లపరుపువి 10 మి.మీ. వెడల్పు, స్పైరల్ 7 మి.మీ. పుల్ల దూరే గొట్టం కుట్టు దానికంటే 2 మి.మీ. ఎక్కువ పెట్టాను. బిగుతుగా పెడితే దూరదు, మరీ వదులైతే లోపల తిరుగుతుంది.

చదువుకుంటుంటే తెలిసింది, పాతకాలం యూరప్‌లో వీటికి తిమింగలం ఎముక వాడేవారని. నిజానికి అది ఎముకే కాదట. కొన్ని తిమింగలాల నోట్లో పళ్ళకు బదులు వేలాడే పలకలు, మన గోళ్ళలాంటి పదార్థం. నిలువునా చీలుతుంది, వేడి చేస్తే వంపు తిరుగుతుంది. దానికోసం ఎన్నింటిని చంపారో. వ్యాపారం కోసం తిమింగలాల వేట మీద అంతర్జాతీయ నిషేధం 1986లో గానీ అమలుకు రాలేదు.

సరే, పొడవు సంగతి. నేను కాగితం మీది ప్యాటర్న్ చూసి కొయ్యలేదు, ఈసారి బుద్ధొచ్చింది. గొట్టాలన్నీ కుట్టాక ఒక్కొక్కటీ విడిగా కొలిచి, పైన 6 మి.మీ., కింద 6 మి.మీ. వదిలి గుర్తు పెట్టాను. కుడికీ ఎడమకీ కూడా తేడా వస్తుంది. అందుకే ప్రతి పుల్లకూ అంకె రాశాను. పొడవు ఎక్కువైతే నాలుగుసార్లు వేసుకునేసరికి అంచు చీల్చుకుని బయటికొస్తుంది. తక్కువైతే కొసల దగ్గర బట్ట వాలిపోతుంది.

స్పైరల్‌ను కటింగ్ ప్లయరుతో అటు తీగ ఒకసారి, ఇటు తీగ ఒకసారి కొయ్యాలి. కొసలకు చిన్న లోహపు టోపీలు పెట్టి నొక్కాలి. తెగిన ముక్క ఎగిరి కంటికి తగులుతుంది, అద్దాలు పెట్టుకోండి. బల్లపరుపుది రేకు కత్తెరతో తెగుతుంది, కానీ తెగిన కొస బ్లేడే. నా వేలు తెగింది అక్కడే. రక్తం చూసి మామ నా చేతిలోంచి లాక్కుని, తన పాత ఆకురాయి, అదే మన కానస, తెచ్చుకుని కూర్చున్నాడు. అయిదు పట్టీలు, పది కొసలు. మూలలు గుండ్రంగా రాయడానికి ఆయనకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. చాలు మామా అంటే వినడు. రాసిన ప్రతి కొస మీదా ఒక నూలు పోగు పెట్టి లాగాడు. పోగు పట్టుకుందా, మళ్ళీ రాపు. "ఫణిల ఒక్క దంతెకు ముల్లు లేసినా దినమంతా పోగు తెగుతనే ఉంటది. గీ పిల్ల ఒళ్ళు నూలు కన్న గట్టిదా?" అన్నాడు. మూడేళ్ళలో ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడలేదు.

కోసిన చోట పూత పోతుంది, చెమటకు తుప్పు పడుతుంది. అందుకని నల్లాలకు చుట్టే తెల్ల టేపు ప్రతి కొసకూ నాలుగు చుట్లు చుట్టాం. పై బట్ట పాతదే. లోపలికి యూనిఫాం ప్యాంట్ల కాటన్ డ్రిల్, నడుము దగ్గర సాగని టేపు ఒకటి.

రెండో ట్రయల్‌కు గంట కూర్చోబెట్టాను. జొన్నరొట్టె, శేంగా చట్నీ పెట్టి తినమన్నాను. తల్లి ఇంకా లాగమంది, నేను లాగలేదు. వెనక నాలుగు వేళ్ళ సందు ఉండనిచ్చాను. సన్నగా కనబడటం కోసం ఊపిరాడకుండా కట్టే పని నేను చేయను, ఆ ముక్క ఆమెకు చెప్పేశాను. పిల్ల వంగింది, లేచింది, చేతులు పైకెత్తింది. తర్వాత తనంతట తానే అద్దం దగ్గరికి పోయి పక్కకు తిరిగి చూసుకుంది. చంక కింద గీత మానిపోయిందా అని అడిగితే "ఇడ్సిపెట్టత్తా" అని నవ్వింది.

రిసెప్షన్ రోజు మూడు గంటలు వేసుకుంది. దుపట్టా కప్పుకోలేదు. మొదటిసారి పాడైన అస్తరు, పట్టీల ఖర్చు నేనే పెట్టుకున్నాను, అది వదినకు ఇప్పుడు చదివితేనే తెలుస్తుంది.

మామ మిగిలిన ఉక్కు ముక్కలను బిస్కెట్ల డబ్బాలో పెట్టి, కానసతో పాటు తన మంచం కింద పెట్టుకున్నాడు. రథోత్సవం అయ్యాక ఇంకో ఇద్దరివి కుట్టాలి. వాళ్ళకు నా మనవి ఒకటే, కొలతలకు పొద్దున్నే ఖాళీ కడుపుతో రావద్దు. భోంచేసి రండి.