నిదానపు పందెం

"అక్కా, శివరాత్రికి వేములవాడ రా. రాజన్న దర్శనం చేసుకుని మా ఇంట్లో నాలుగు రోజులుండి పోదువుగాని" అని మా చెల్లెలు ఫోను చేస్తే భక్తితోనే బయల్దేరాను. దర్శనం అయ్యాక సైకిలు పందెం ఉందని ముందే తెలిస్తే, ఆ శివుణ్ణి మా వీధి గుళ్ళోనే చూసుకుని ఊరుకునేదాన్ని.

మా మరిది వీర్నపల్లిలో పంతులు. 2016లో సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు మండలమైంది. సిరిసిల్ల అనగానే మనకు మరమగ్గాల చప్పుడు గుర్తొస్తుంది కదా, ఇక్కడ ఆ చప్పుడు లేదు. గుట్టలు, అడవి, మధ్య మధ్య తండాలు. ఆకులు రాల్చేసుకున్న మోదుగుచెట్లు పూలతో ఎర్రగా మండుతున్నాయి. ఇంత ప్రశాంతంగా ఉంటే ఓ నవలైనా మొదలుపెట్టొచ్చు అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే మైకు మోగింది.

"ఊరి పోరగాళ్ళు చందాలేసుకుని పందెం పెడుతున్నారు వదినా. బడి దగ్గర మొదలై, మట్టిబాటన తండా దాకా పోయి, వాగు దాటి, గుట్ట చుట్టి రావాలి" అన్నాడు మా మరిది. మొదటి బహుమతి సైకిలు టైర్ల జత, రెండోది టిఫిను క్యారియరు.

"రోడ్డుండగా రాళ్ళలో పడి తొక్కడమెందుకూ?" అన్నాను.

పంతుళ్ళను ప్రశ్న అడగకూడదు. పాఠం మొదలైపోయింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళు బాగుచేసుకుని కొండల మీంచి దిగేవారట. 1976 అక్టోబరులో అక్కడే మొదటి పందెం పెట్టుకున్నారు. దిగుడు 1300 అడుగుల పైమాటే. బ్రేకులు వేసీ వేసీ వెనక చక్రం ఇరుసులోని గ్రీజు కాలి పొగై పోయేదట. కిందికి చేరాక మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది కాబట్టి ఆ పందేనికి 'రీప్యాక్' అనే పేరొచ్చింది. సరిగ్గా ఇరవై ఏళ్ళకు, 1996లో, అట్లాంటా ఒలింపిక్సులో కొండసైకిలు పందెం చేరింది. "మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకేసారి పెట్టారు వదినా" అని చివరి మాట నొక్కి చెప్పాడు. ఎందుకు నొక్కాడో నాకు అరగంట తర్వాత గాని అర్థం కాలేదు.

బడి ముందర గీత గీశారు. గేర్ల సైకిళ్ళు రెండో మూడో ఉన్నాయి. తక్కినవన్నీ పాలక్యాన్లు మోసినవి, నాన్నల దగ్గర అడిగి తెచ్చినవి. ఆ వరసలో చివరన మా చెల్లెలి కొడుకు సైకిలుంది. దాని మీద మా అమ్మాయి ఉంది!

"ఇదెక్కడి చోద్యమే?" అని చెల్లెలి చెయ్యి పట్టుకున్నాను. "నీకు చెబితే ఒప్పుకుంటావా అక్కా? అందుకే చెప్పలేదు" అంది తాపీగా. ఇంతలో విజిల్ ఊదారు. దుమ్ము లేచింది. పదమూడేళ్ళ నా కూతురు ఆ దుమ్ములో కలిసిపోయింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నా నవలల్లో నాయికలు కార్లు నడిపారు. ఒకామె అర్ధరాత్రి మోటారు సైకిలు మీద విలన్ని వెంబడించింది కూడా. వాళ్ళను సృష్టించిన నాకు మాత్రం సైకిలు రాదు. పన్నెండో ఏట, గంటకి రూపాయి ఇచ్చి కిరాయి సైకిలు తెచ్చుకుని అడ్డతొక్కుడు నేర్చుకున్నాను. సీటెక్కే రోజున పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. అమ్మ పసుపు అద్దుతూ, "ఆడపిల్లకి ఒంటి మీద మచ్చ పడితే రేపెవరు చేసుకుంటారే?" అంది. సైకిలు ముచ్చట అక్కడితో సరి. తర్వాత పెళ్ళిచూపుల్లో పాట పాడమన్నారు, నడిచి చూపించమన్నారు, బి.ఏ.లో మార్కులెన్నని అడిగారు. మోకాలు చూపించమని మాత్రం ఒక్కరూ అడగలేదు!

పందెం వాళ్ళు తిరిగి వచ్చేలోగా అక్కడ ఇంకో పోటీ మొదలైంది. ఆడవాళ్ళకు నిదానపు సైకిలు పందెం. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, బట్టలు కుట్టే ఆమె, ఇంకో నలుగురు కొంగులు దోపుకుని నిలబడ్డారు. నియమాలు మీకు తెలిసే ఉంటాయి. కాలు నేల తాకకూడదు. గీత దాటి పక్కకు పోకూడదు. అందరికంటే ఆఖరున చేరినవాళ్ళే గెలిచినట్టు.

జనం ఒకటే నవ్వులు. ఆశా కార్యకర్త హ్యాండిలు ఇటూ అటూ తిప్పుతూ, బొమ్మలా నిలబడిపోయి గెలిచింది. నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ కొడుతూ ఆగిపోయాను. కింద పడకూడదు, గీత దాటకూడదు, అందరికంటే వెనకుంటే మెచ్చుకుంటారు. ఈ పందెం నాకు కొత్తేమీ కాదు. పన్నెండో ఏటినుంచీ నేను తొక్కుతున్నది ఇదే. ఆశా కార్యకర్తకేం, అది ఆమెకు ఒక పూట ఆట. రేపు పొద్దున అదే సైకిలెక్కి తండాలకు బిరబిరా పోతుంది. నేను మాత్రం అదే నడక అనుకున్నాను. నా కూతురికీ అదే నేర్పుతున్నాను.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా సంగతి ఎప్పుడో చదివాను. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్నప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు కూడా నేర్పించారు. లక్షమందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. బస్సు కోసం కాచుకోనక్కర్లేదు, మగవాళ్ళ కోసం కాచుకోనక్కర్లేదు. నీళ్ళకూ, పనికీ, చదువుకూ పోతే సొంత కాళ్ళ మీద పోవడమే. అది చదివి ఆనందంతో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ మర్నాడే మా అమ్మాయి సైకిలు కొనమంటే, "ట్రాఫిక్‌లో వద్దులే" అన్నాను. మనసు పుదుక్కోట్టైలోనే, మాట మాత్రం మా అమ్మది.

తండా కుర్రాడొకడు మొదట వచ్చాడు. డోళ్ళు మోగాయి. తర్వాత ఇద్దరు, ముగ్గురు, పదిమంది. మా అమ్మాయి లేదు. నా గుండె బడిగంటలా కొట్టుకుంటోంది. జనం సగం వెళ్ళిపోయారు. మైకు విప్పుతున్నారు. అప్పుడు గుట్ట మలుపులో కనిపించింది. చెదిరిన జడ, దుమ్ము కొట్టుకుపోయిన ముఖం, మోకాలి నుంచి పాదం దాకా రక్తం.

అమ్మ మాట నా నాలుక చివరికి వచ్చేసింది. నిజం చెబుతున్నాను, నోరు కూడా తెరిచాను.

"వాగులో ఇసుక కదమ్మా, పడిపోయాను. అక్కడున్న వాళ్ళు ట్రాక్టరెక్కించుకుంటామన్నారు. నేనే వద్దన్నాను. ఆఖరొచ్చాను గాని మొత్తం తొక్కానమ్మా!" అంది. ఏడుపు లేదు. ఆ కళ్ళలో ఉన్నదేమిటో రాయడం నాకు ఇన్ని నవలల్లోనూ చేతకాలేదు.

తెరిచిన నోటికి ఏదో ఒక పని చెప్పాలి కదా. "మంచినీళ్ళు తాగుతావా?" అన్నాను.

సాయంత్రం అందరూ టీలు తాగుతుంటే, "అమ్మా, నీకు సైకిలొచ్చా?" అంది. రాదన్నాను. ఇంకేముంది, బడి మైదానం, అదే సైకిలు. మా మరిది చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు పాపం. చీర చెక్కుకుని సీటెక్కాను.

"వెనక పట్టుకున్నావా?" అని అరిచాను.

"పట్టుకున్నానమ్మా."

"వదిలెయ్యకే!"

"నువ్వు కదిలితే కదా వదలడానికి!" అంది.

దాంతో రోషం వచ్చింది. తొక్కాను. ఎంత దూరమో మా చెల్లెలు అడుగులేసి కొలిచింది. పదకొండు అడుగులు. పన్నెండో అడుగున పడ్డాను.

మర్నాడు సిరిసిల్ల బస్సులో తల్లీకూతుళ్ళం పక్కపక్కన కూర్చున్నాం, ఇద్దరి మోకాళ్ళకూ పసుపే. నాకు కొత్త దెబ్బ సరిగ్గా పాత మచ్చ పక్కనే తగిలింది. ఈసారి ఎవరు చేసుకుంటారన్న బెంగ మాత్రం లేదు.